చావింటికి బిల్లు రాయని దుకాణం

మధ్యాహ్నం పూట షామియానా కింద పడుకుంటే కలలు కూడా రంగుల్లో వస్తాయి. ఇది చిన్నప్పటి నుంచి నేను చేస్తున్న పరిశోధన. జనగామలో మా టెంట్ హౌస్ వెనక ఖాళీ జాగా ఉంది. ఉతికిన బట్టలు అక్కడ తాళ్ళ మీద ఆరేస్తాం. ఎర్రదాని కింద పడుకుంటే ఒళ్ళంతా ఎర్రటి వెలుతురు, పసుపుదాని కింద పడుకుంటే పసుపు వెలుతురు. గాలి వచ్చినప్పుడల్లా బట్ట పైకి లేచి మెల్లగా కిందికి దిగుతుంది, పక్కన ఏదో పెద్ద జంతువు నిద్రపోతూ ఊపిరి తీస్తున్నట్టు. ఎన్ని పెళ్ళిళ్ళ పప్పు వాసన, ఎన్ని వానల ముక్క వాసన ఉంటుందో ఆ బట్టలో. అక్కడ పడుకుని జీవితం గురించి గొప్పగా ఆలోచించేదాన్నని రాసుకోవాలని ఉంది. నిజానికి కుర్చీలు కడగడానికి అక్క పిలుస్తుందని అక్కడ దాక్కునేదాన్ని.

లెక్కల గొడవ పోయిన ఆషాఢంలో, అదే బట్టల కింద మొదలైంది. అక్కకు మహబూబాబాద్‌లో పెళ్ళయింది. అక్కడ తను సొంతంగా ఒక టెంట్ హౌస్ పెట్టుకోవాలని కోరిక. కోరికతో ఆగితే అది మా అక్క ఎందుకవుతుంది? బస్టాండుకు కాస్త ఇవతల ఒక షట్టర్ మాట్లాడి, గాజులు కుదవబెట్టి, అడ్వాన్స్ కూడా ఇచ్చేసింది. సామాను కొనడానికి లోను కావాలి. లోను బాపు పేరు మీద, మా జనగామ దుకాణాన్ని చూపించి తీసుకోవాలి. బ్యాంకు సారు మర్యాదస్తుడు. టీ తెప్పించి మరీ, "మూడేళ్ళ లెక్కలు పట్టుకొని రండి, దసరా లోపు చూద్దాం" అన్నాడు. దసరా దాటితే షట్టర్ ఇంకొకరికి ఇచ్చేస్తానని దాని యజమాని అన్నాడు. అడ్వాన్స్ తిరిగి ఇస్తానని మాత్రం అనలేదు.

బాపు దుకాణానికొచ్చి గోడకున్న మేకు వైపు చూశాడు. మా మూడేళ్ళ లెక్కలు ఆ మేకుకే వేలాడుతున్నాయి. మూడు క్యాలెండర్లు, ఒకదాని మీద ఒకటి.

పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు మా దగ్గర బిల్లు పుస్తకం ఉంది. చావులకు లేదు. చావింటికి బాపు బిల్లు రాయడు. కబురు రాగానే తెల్ల షామియానా, కుర్చీలు, ఫ్రీజర్ డబ్బా బండెక్కుతాయి. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో బాపు చిన్న అడ్డగీత గీస్తాడు. దాని కింద ఊరి పేరు, కుర్చీల లెక్క, ఒక ఫోన్ నంబరు. అంతే. తర్వాత అడగడు. దినాలయ్యాక కొందరు, నెల మాసికం పెట్టుకున్నాక కొందరు, వాళ్ళే వచ్చి చేతిలో పెడతారు. ఇచ్చిన రోజు ఆ గీత మీద ఇంకో నిలువు గీత పడుతుంది. మా ఇంట్లో ఎంత వెతికినా దొరికే కూడిక గుర్తులు ఇవే.

"ఎందుకు బాపు రాయవు?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"రాస్తె అడిగినట్టే బిడ్డా" అన్నాడు.

ఇంట్లో బీకాం చదివింది నేనొక్కదాన్నే. అకౌంట్స్ పేపరు మూడోసారికి గట్టెక్కిన సంగతి అందరికీ తెలుసు. మూడుసార్లు రాసింది కాబట్టి మిగతావాళ్ళకంటే గట్టిగా వచ్చి ఉంటుందని అమ్మ వాదన. అలా, లెక్కలు బయటివాళ్ళకు అప్పజెప్పాలనీ, ఆ బయటివాళ్ళను నేనే చూడాలనీ తీర్మానమైంది. కొత్త కుర్చీలు కొనేటప్పుడు బాపు ఒక్కోదాని మీద కూర్చుని, రెండు కాళ్ళ మీద వెనక్కి వాలి చూస్తాడు. అకౌంటెంట్ మీద ఎలా వాలి చూడాలో నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి ఆఫీసు జనగామలోనే దొరికింది. అద్దం తలుపు. లోపల చల్లగా ఉంది. ఆ చల్లదనానికే సగం ఒప్పేసుకున్నాను. నాకంటే రెండేళ్ళు పెద్దవాడేమో, మెడలో ట్యాగు వేసుకున్న అతను కంప్యూటర్ తెరను నా వైపు తిప్పాడు.

"మేడమ్, మీరేం పరేషాన్ గాకున్రి. అంత ఆటోమేటిక్. మీరు ఫోన్‌ల ఎంట్రీ కొడితె సాలు. బిల్లు అదే పోతది, మెసేజ్ అదే పోతది, రిటర్ను అదే పోతది."

"మరి మీరేడికి పోతరు?"

"నేను గీడనే ఉంట మేడమ్" అని నవ్వాడు. ఆ నవ్వొక్కటి ఆటోమేటిక్ కాదు.

వెండి, బంగారం, వజ్రం అని మూడు రకాల ప్యాకేజీలు చూపించాడు. మేమూ భోజనాల కుర్చీలు, వీఐపీ కుర్చీలు, పెళ్ళికొడుకు కుర్చీ అని మూడు రకాలు పెడతాం. కూర్చున్నాక అందరి నడుమూ ఒకేలా నొస్తుంది. వెండి తీసుకున్నాను. నెలకు ఒక చిన్న షామియానా అద్దెంత. పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటుంది, రేపు మానేస్తే మా లెక్కలు మాకిస్తారా, నోటీసు వస్తే జవాబు ఎవరు రాస్తారు, ఆ పోయే మెసేజ్‌లో ఏముంటుంది, ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలని తర్వాత తెలిసింది. ఆ రోజు నేను అడిగింది ఒక్కటే: "ఏసీ పొద్దంత నడుస్తదా?"

ఆ మధ్యాహ్నమే పసుపు షామియానా కింద పడుకుని, క్యాలెండర్ పక్కన పెట్టుకుని, ఫోన్‌లో ఎంట్రీలు కొట్టడం మొదలుపెట్టాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. చావులకు ఆషాఢం లేదు. ఆ నెలలో ఉన్నవన్నీ అడ్డగీతలే, పదకొండు. ఊరు, ఫోన్ నంబరు అడిగింది, కొట్టాను. కుర్చీలు అడిగింది, కొట్టాను. ధర అడిగింది, రేటు చూసి కొట్టాను. 'ఏ కార్యక్రమం' అని అడిగింది. కింద ఒక జాబితా: పెళ్ళి, నిశ్చితార్థం, పుట్టినరోజు, గృహప్రవేశం, కంపెనీ మీటింగు, ఇతర శుభకార్యం. చావు లేదు. ఆ సాఫ్ట్‌వేర్ తయారైన ఊళ్ళో ఎవరూ చావరేమో. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు కదలదు. పైన పసుపు ఆకాశం ఊపిరి తీస్తోంది, నాకు కళ్ళు మూసుకుపోతున్నాయి. 'ఇతర శుభకార్యం' అని పదకొండుసార్లు నొక్కి, పని చేసిన మనిషిలా నిద్రపోయాను.

మూడో రోజు పొద్దున పదింటికి, పదకొండు చావిళ్ళకు, పూలగుత్తి బొమ్మతో సహా మెసేజ్ వెళ్ళింది.

'ప్రియమైన కస్టమర్, మీ ఇంటి శుభకార్యానికి మమ్మల్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు! మీ బాకీ వివరాలు కింద చూడగలరు. త్వరలోనే మళ్ళీ మీ ఇంట ఇలాంటి వేడుక జరగాలని, మీకు సేవ చేసే భాగ్యం మాకు కలగాలని కోరుకుంటున్నాం.'

మర్నాడు బచ్చన్నపేట వైపు ఊరి నుంచి ఒక అవ్వ బస్సు దిగి, మా దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. పదిహేను రోజుల కింద ఆమె భర్త పోయాడు. మా దగ్గర నుంచి నలభై కుర్చీలు వెళ్ళాయి. బాపు లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చుని, కొంగులోంచి చిన్న ఫోన్ తీసి, నా ముందు పెట్టింది.

"గిది నువ్వు పంపినవా బిడ్డా?"

  జీవితంలో మొదటిసారి నా నోటికి జోకు అందలేదు.

"నాకు సదువు రాదు. మా మనుమరాలు సదివింది. నమ్మక రెండుమాట్ల సదివిచ్చుకున్న. మళ్ల గిసొంటిది జరగాలె అని ఉన్నదట గదా?"

"అవ్వా, అది మిషిను..."

"ఇంట్ల ముసలోడు పోయిండు. ఇగ మిగిలిన ముసలిదాన్ని నేనొక్కదాన్నే. ఎన్నడు పొమ్మంటవో జర ఆ దినం గూడ రాసి పంపరాదు? కుర్చీలు ముందుగాల్నే చెప్పిపెట్టుకుంట."

గొంతు పెంచలేదు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. బాపు టీ తెప్పించాడు. ఆమె సాసర్‌లో పోసుకుని, ఊదుకుని, మొత్తం తాగి, కొంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. బాపు ఆమె కూర్చున్న కుర్చీ వైపే చూస్తూ నిల్చున్నాడు. బండి వస్తే లోడ్ చేయాల్సిన కుర్చీ అది. ఆ రోజంతా దాన్ని ఎవరూ కదపలేదు.

"గా మిషిను బందు పెట్టు" అన్నాడు చివరికి. "లెక్కలొద్దు, లోనొద్దు."

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాను.

"బాపు, మరి నా గాజులు?"

బాపు లేచి తాళ్ళు చుట్టడం మొదలుపెట్టాడు. అక్క ఏడ్చి ఉంటే కరిగేవాడు. అక్క ఏడవదు, నన్ను పట్టుకుంటుంది.

"ఓ చెల్లె, అకౌంటెంటును చూడే అంటె సచ్చినోళ్లకు శుభాకాంక్షలు చెప్తివి గదనే."

"సచ్చినోళ్లకు గాదక్క, ఉన్నోళ్లకు."

"ఇగ నువ్వు మాట్లాడకు."

ఆ తర్వాత రెండు రోజులు బాపు నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని పదకొండు ఇళ్ళూ తిప్పాడు. సన్న ముసురు. పత్తి మొలకలు అప్పుడే రెండాకులేసి ఉన్నాయి, చెలకలన్నీ ఎవరో పచ్చటి చుక్కలు పెట్టి మధ్యలో నిద్రపోయినట్టు కనిపించాయి. బాపు ప్రతి ఇంటి ముందూ "తప్పైంది" అని ఒక్క మాట అన్నాడు. ఒక ఇంట్లో నవ్వారు. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. ఒక ఇంట్లో మాత్రం, "ఎట్లాగు అచ్చిన్రు గదా, మార్గశిరంల మా పిల్ల లగ్గమున్నది, ఎంతకిస్తరు?" అని అడిగారు. అవ్వ ఇంటికి తాళం ఉంది. నాట్లకు కూలికి పోయిందన్నారు. మొగుడు పోయి నెల తిరగలేదు, అయినా మడి ఆగదు కదా.

వారం తర్వాత అక్క నన్ను మహబూబాబాద్ రమ్మంది. ఆమె ఎరికలో ఒక చాచా ఉన్నాడట, మిర్చి వ్యాపారుల లెక్కలు ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాడట. బాపుకు చెప్పకుండా మూడు క్యాలెండర్లూ మేకు మీది నుంచి దింపి, గొట్టంలా చుట్టి, రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. కాజీపేట దాటాక రైలు ఎక్కడో పొలాల మధ్య చాలాసేపు ఆగిపోయింది. ఒక కొంగ, ఒక గేదె, నేను. ముగ్గురం ఏమీ తోచక ఒకరినొకరం చూసుకున్నాం. ఒళ్ళో ఉన్న గొట్టంలో మూడేళ్ళ చావులున్నాయి, ఎదుటి సీటు పెద్దాయన దాన్ని చూసి ఇంజనీరింగ్ చదువుతున్నావా అని అడిగాడు. అవునన్నాను. కొన్ని అబద్ధాలు ప్రయాణాన్ని తేలిక చేస్తాయి.

చాచా గది మిర్చి గోదాము పైన ఉంది. మెట్లెక్కుతుండగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. గోడల నిండా ఎర్రగుడ్డలో కట్టిన పుస్తకాలు. చాచా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. క్యాలెండర్లు విప్పి, తేదీల మీద వేలు పెట్టి మెల్లగా నడిపించాడు. నేను ఆగకుండా తుమ్ముతున్నాను. ఆయన ఆగకుండా చూస్తున్నాడు.

"బేటీ, గీతలు మంచిగున్నయ్. మీ బాపు ఒక్క అబద్ధం గూడ రాయలే."

"అసలు రాస్తెనే గదా చాచా అబద్ధమయ్యేది."

"గదే నేను గూడ చెప్తున్న." నవ్వాడు. "నేనే జేసెటోణ్ని. కండ్లకు మోతియా ఆపరేషన్ అయింది. కంప్యూటర్ జూస్తె నీళ్లే నీళ్లు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల ఒకామె ఉన్నది, భూపాలపల్లి దిక్కు, చెల్పూర్‌ల. ఇంట్ల కూసొనే నాలుగైదు దుకాణాల లెక్కలు జేస్తది. పో. గని ఒక్క మాట ఇను. ఎవల దగ్గరికన్న పో, నువ్వు చెప్పింది రాసుకునేటోళ్లు గాదు, నువ్వు చెప్పంది అడిగెటోళ్లు గావాలె. సమజైందా?"

సమజైందని చెప్పాలనుకున్నాను. తుమ్మొచ్చింది. దాన్నే జవాబుగా తీసుకున్నాడు.

భూపాలపల్లి బస్సు పరకాల దాటాక ఆకాశం కొంచెం కొంచెంగా బూడిదరంగులోకి తిరిగింది. చెల్పూర్ వచ్చేసరికి దూరంగా కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు కనిపించాయి. వాటి పొగ తిన్నగా మబ్బులో కలుస్తోంది. వానాకాలానికి కావలసిన మబ్బులన్నీ ఇక్కడే తయారుచేసి ఊళ్ళకు పంపిస్తున్నారేమో అనిపించింది. మా జనగామ వైపు సప్లయ్ ఎప్పుడూ తక్కువే.

తలుపు తీసిన ఆమె ముందు పెదాల మీద వేలు పెట్టింది. తర్వాత నవ్వింది.

"జర మెల్లగ చెల్లె. మా ఆయన నైట్ డ్యూటీ జేసి వచ్చి పండుకున్నడు" అంది గుసగుసగా.

లోపలి గదిలో ఆయన. బయటి గదిలో మేం. మధ్యన ఒక ఆకుపచ్చ కర్టెన్. దాని మీద ఎండ పడి గదంతా చెరువు అడుగులా ఉంది. ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతోంది, దానికీ చెప్పినట్టున్నారు. మంచం కింద అట్టపెట్టెలు, ఒక్కోదాని మీద 'ఇటుకలు', 'లారీలు', 'క్యాంటీను' అని రాసి ఉంది. ఆమె ల్యాప్‌టాప్ తెరవకుండా, ఒక నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. గుసగుసలో మాట్లాడితే చివరికి గరిటెల లెక్క కూడా రాజరహస్యంలా ఉంటుంది.

"దుకాణంల ఎవరు రాస్తరు?"

"బాపు."

"ఇరిగిన కుర్చీలు ఏడ రాస్తరు?"

"రాయం. వెనుక పడేస్తం."

"పోయిన గరిటెలు?"

"అవి రాస్తం. అమ్మ తిట్లల్ల."

ఆమె నవ్వకుండా రాసుకుంది. నేను సంచిలో తెచ్చిన పెళ్ళిళ్ళ బిల్లు పుస్తకాలు తిరగేసి, ఒక చోట ఆగింది.

"ఆషాఢంల ఒక్క బిల్లు లేదు. గని బండి డీజిలు రాసి ఉన్నది. కుర్చీలు ఏడికో పోయినయ్ గదా. ఏడికి?"

నేను చావుల సంగతి చెప్పలేదు. క్యాలెండర్లు చుట్టిన గొట్టం ఇంకా విప్పలేదు. చాచా చెప్పిన మాట ఆ ఆకుపచ్చ వెలుతురులో గుర్తొచ్చి, వీపు మీద ఎవరో మెల్లగా చెయ్యి వేసినట్టయింది. అన్నీ చెప్పాను. పూలగుత్తి మెసేజ్ సంగతీ చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కర్టెన్ అవతల మంచం కిర్రుమంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఇగ ఇను చెల్లె. అడుగుడు వేరు, రాసుడు వేరు. చావింటికి బిల్లు ఇయ్యకున్రి, మెసేజ్ పెట్టకున్రి, నెల దాక గాదు ఏడాది దాక అడగకున్రి. గని పుస్తకంల రాయాలె. అది గూడ కిరాయే. అది తీసేసి లెక్క జేస్తె దొంగ లెక్కయితది. దాని మీద సీఏ సారు సంతకం పెట్టడు, పెట్టుమని నేనడగ."

మిగతా షరతులు కూడా అలాగే చెవిలో చెప్పింది. పాస్‌వర్డ్ బాపు ఫోన్‌లోనే ఉంటుంది. నెల నెలా అన్నిటి నకలు మాకు పంపుతుంది. మానేస్తే ఏ కాగితమూ తన దగ్గర ఉంచుకోదు. నోటీసు వస్తే తనే చూస్తుంది. ఫీజు జనగామ వెండి కంటే కొంచెం ఎక్కువ. ఫోన్ మాత్రం ఆయన ప్లాంటులో ఏ షిఫ్టులో ఉన్నాడో చూసి చేయాలి. వారం వారం ఆ పట్టిక పంపిస్తానంది. కరెంటు తయారీని బట్టి దొరికే అకౌంటెంట్ ఈ దేశంలో ఈమె ఒక్కతే అయుంటుంది.

"ఇంకోటి" అంది, గడప దగ్గర. "మూడేండ్ల గీతలు నేను ఊహ జేసి రాయ. మీ బాపు కూసొని ప్రతి గీతకు పేరు చెప్పాలె. గీత పేరు మీద పద్దు ఎట్ల రాస్త?"

క్యాలెండర్లు మళ్ళీ మేకుకు తగిలించి, బాపుకు చెప్పాను. వింటున్నంతసేపూ తాడుకు ముడేస్తూనే ఉన్నాడు.

"మనిషి మంచిదే ఉన్నట్టున్నది" అన్నాడు. "గని నేను రాయ. సచ్చినోళ్ల పేరు కింద పైసలు రాసుడేంది? నా చెయ్యి రాదు."

అక్క ఫోన్లు తగ్గించింది. చేసినా బాపును అడగడం మానేసింది. "షట్టర్‌కు సున్నమేపిస్తున్న" అని మాత్రం నాతో అంది. అది బెదిరింపో ఆశో నాకు తెలియలేదు. శ్రావణం పెళ్ళిళ్ళు వచ్చిపోయాయి. వినాయకుల మండపాలకు రంగుల బట్టలన్నీ వెళ్ళి, తడిసి, గులాలు మరకలతో తిరిగొచ్చాయి. దసరాకు నెల కూడా లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం అవ్వ మళ్ళీ వచ్చింది. ఆమె నీడ గడప మీద పడగానే నేను లోపలికి జారుకోబోయాను.

"ఏడికి పోతున్నవే? నేను ఇంక ఉన్న, బయపడకు" అంది.

కొంగు ముడి విప్పి, మడిచిన నోట్లు బాపు చేతిలో పెట్టింది. బాపు లెక్కపెట్టకుండా కళ్ళకద్దుకుని, పెన్ను తీసుకుని క్యాలెండర్ దగ్గరికి వెళ్ళాడు, నిలువు గీత గీయడానికి.

"ఏడ రాస్తున్నవ్? నేను చూస్త" అని ఆమె కూడా లేచింది.

బాపు ఆషాఢం పేజీ తిప్పి, ఆ గడి మీద వేలు పెట్టాడు. అవ్వ ముఖం దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"గిదేనా?"

"గిదే అవ్వా."

"గంత మనిషి. మడికాడికెళ్లి పిలిస్తె ఊర్ల ఇనవడేటోడు. గాయనకు గింత గీతనా?"

బాపు గడి మీది నుంచి వేలు తీశాడు.

"పేరేది?"

"చావింటికి మేం పేరు రాయమవ్వా. రాస్తె అడిగినట్టైతదని."

"అడిగితె అడిగినట్టైతది. రాస్తె ఏమైతది?" ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "పది దిక్కుల తిరిగిన గీ రెండు నెలలు. రేషన్ కార్డుల పేరు తీసేసిన్రు. పింఛనుల తీసేసిన్రు. ఓట్ల కాయితంల గూడ కొట్టేస్తరట. అందరు తీసేసెటోళ్లే కొడుకా. రాసెటోడు ఒక్కడు లేడు. నలభై కుర్చీలేసిన్రు గదా ఆయనకు? పంచాయితీల నిలవడి మాట్లాడినోడు, సచ్చినంక నలభై మందిని కూసోబెట్టిండు. గదన్న రాయి."

బాపు క్యాలెండర్ పేజీ వదిలేశాడు. తర్వాత బల్ల సొరుగు లాగి, చెల్పూర్ ఆమె నాతో పంపిన కొత్త పుస్తకం తీశాడు. మొదటి పేజీ తెరిచాడు.  పెన్ను పెట్టాడు. పెన్ను రాయలేదు. విదిలించాడు. అయినా రాయలేదు. నా పెన్ను ఇచ్చాను, అదీ రాయలేదు. చివరికి అవ్వ బస్సు టికెట్టు వెనక నాలుగుసార్లు గోకితే సిరా దిగింది. అప్పుడు రాశాడు, ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, నలభై కుర్చీలు, ఒక తెల్ల షామియానా. చివర్న, ముట్టింది, అని.

అవ్వకు చదువు రాదు. ఆ వరుస మీద వేలితో అటునుంచి ఇటు నిమిరింది.

"గిదేనా ఆయన?"

"గిదే."

"మంచిగున్నడు" అంది.

నాకు ముక్కు మండింది. మిర్చి గోదాము ఇక్కడికి చాలా దూరం, దానిమీద నెట్టలేను. "అవ్వా, రసీదు గావాల్నా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"చేతికియ్యి. ఫోన్‌కు మాత్రం పంపకు బిడ్డా."

ఆమెను బస్సెక్కించి వచ్చేసరికి బాపు మేకు మీది నుంచి మూడు క్యాలెండర్లూ దింపేశాడు. దుకాణంలో ఉక్కగా ఉందని వెనక జాగాలోకి తీసుకెళ్ళి, ఆరేసిన బట్టల కింద చాప పరిచాడు. కూర్చుని, మొదటి ఏడాది చైత్రం తిప్పి, గీత మీద వేలు పెట్టాడు.

"రాసుకో."

చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క పేరు మర్చిపోలేదు. ఈయన బావి తవ్వేటోడు. ఈమె చేతి గారెలు తింటె మళ్ల వేరే గారెలు తినబుద్ధి గాదు. ఈ పిలగానికి ముప్పై గూడ నిండలే, కుర్చీలు సరిపోక పక్కూరికెళ్లి తెచ్చినం. నేను పేరు, ఊరు, కుర్చీలు మాత్రం రాస్తున్నాను. గారెలకు పుస్తకంలో గడి లేదు. గాలి వచ్చినప్పుడు బాపు ముఖం ఎర్రగా, తగ్గినప్పుడు పసుపుగా మారుతోంది. ఇన్నేళ్ళూ వాళ్ళందరూ ఆ మేకుకు వేలాడుతూ పిలుపు కోసం ఎదురుచూసి, ఇప్పుడు ఒక్కొక్కరే వచ్చి మా చుట్టూ తెల్ల కుర్చీల్లో కూర్చుంటున్నట్టు అనిపించింది. అలా అనిపించగానే కుర్చీలు ఎన్నో లెక్కపెట్టాను. అలవాటు.

లోను దసరా లోపే వచ్చింది, అక్క షట్టర్ ఇప్పుడు తెరిచే ఉంది. మొదటి ఆర్డరు దంతాలపల్లి నుంచి వచ్చింది, దినాలకే. అక్క బిల్లు ఇవ్వలేదు, పుస్తకంలో రాసింది. గాజులు మాత్రం ఇంకా కుదవలోనే ఉన్నాయి. అవి వచ్చిన రోజు నన్ను మళ్ళీ చెల్లె అని పిలుస్తుందట.

కానీ నాకు గుర్తుండేది ఆ మధ్యాహ్నమే. రెండో ఏడాది సగానికి వచ్చాం. రాసిన పేజీలు అక్కడికక్కడే ఫోటో తీసి చెల్పూర్ పంపాను. కాసేపటికి జవాబుగా ఆమె గొంతు వచ్చింది, గాలి కంటే కొంచెం గట్టిగా, అంతే.

"అందినయ్ చెల్లె. రెండో ఏడు ఆషాఢం పేజీ జర మసక ఉన్నది. మళ్లోసారి పంపు."

బాపు తల ఎత్తాడు.

"గా బిడ్డెకు గొంతు బాగలేదా?"

"బాగనే ఉన్నది బాపు. వాళ్లాయన డ్యూటీ జేసొచ్చి పండుకున్నడు."

"అట్లనా" అన్నాడు. క్యాలెండర్ మీదికి వంగాడు. తర్వాతి గీత మీద వేలు పెట్టి, నా వైపు కొంచెం జరిగి, ఎక్కడో చెల్పూర్‌లో నిద్రపోతున్న మనిషి లేస్తాడేమో అన్నట్టు, ఆ పేరు నా చెవిలో గుసగుసగా చెప్పాడు.